వారం వారం జరిగే రాత్రి

కిందటేడు మా నగర శాఖ సమావేశంలో ఒక చిన్న ప్రతిపాదన వచ్చింది. హైదరాబాదులో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థులతో స్నేహం కలిసిన మా కుర్రవాళ్లు కొందరు, నెలకొక రాత్రి ఆఫ్రికా సంగీతమూ నాట్యమూ ఏర్పాటు చేస్తామనీ, అందుకు హాలు ఇప్పించమనీ అడిగారు. ఉపన్యాసం ఉండదు, అధ్యక్షుడుండడు, వందన సమర్పణ ఉండదు. పాటలు పెడతారు, వచ్చినవాళ్లు ఆడతారు. ఆ ప్రతిపాదనను వ్యతిరేకించినవాళ్లలో నేనొకణ్ణి. ప్రజల కళ వేరు, క్లబ్బు డాన్సు వేరు అన్నాను. కాళ్లు కదిలినంత మాత్రాన చైతన్యం కదలదు అన్నాను. ఆ మాట చప్పట్లు తెచ్చిపెట్టింది కూడా. అంతలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మీరు ఫేలా పాట ఒక్కటైనా విన్నారా?" అని అడిగింది. విన్నానని అబద్ధం చెప్పలేకపోయాను.

ఆ తర్వాత విన్నాను. రికార్డులు విన్నాను, చిత్రాలు చూశాను, అక్కడ ఉండి వచ్చినవాళ్లు రాసినవి చదివాను. లాగోస్ నగరం నేను చూడలేదు. కనక ఆ రాత్రుల్ని కళ్లారా చూసినవాడిలా వర్ణించబోను. ఒక కళారూపాన్ని దాని ఫలితాలను బట్టీ, నిర్మాణాన్ని బట్టీ పరిశీలించే విమర్శకుడిగా మాత్రమే మాట్లాడతాను. ఈ వ్యాసం ఆ అమ్మాయి ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ఇందులో కొంత ఆత్మవిమర్శ ఉంది. అయితే నా అభ్యంతరాలన్నిటినీ నేను వదులుకోలేదని కూడా ముందే చెప్పటం న్యాయం.

ఫేలా కుటి 1938లో నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టాడు. తండ్రి ఉపాధ్యాయుడు, చర్చి గురువు, నైజీరియా ఉపాధ్యాయ సంఘానికి తొలి అధ్యక్షుడు. తల్లి ఫున్మిలాయో రాన్సమ్ కుటి అంతకంటే గొప్పది. బజారులో అమ్ముకుని బతికే స్త్రీల మీద వలస ప్రభుత్వం వేసిన పన్నులను ఎదిరించి, 1940ల చివర వేలాది స్త్రీలను కూడగట్టింది. తెల్లవాళ్ల అండతో పెత్తనం చేస్తున్న స్థానిక రాజు 1949లో గద్దె దిగవలసి వచ్చింది. 1970లో ఆమెకు లెనిన్ శాంతి బహుమతి లభించింది. కొడుకు 1958లో లండన్ వెళ్లి ట్రినిటీ సంగీత కళాశాలలో చదువుకున్నాడు. తిరిగివచ్చి అందరిలాగే హైలైఫ్ సంగీతం వాయించాడు. 1969లో అమెరికా వెళ్లినప్పుడు నల్లవారి ఉద్యమంతో, మాల్కం ఎక్స్ జీవితంతో పరిచయమైంది. ఆఫ్రికా చరిత్ర తనకు అమెరికాలో తెలిసిందన్న సిగ్గుతో 1970లో లాగోస్‌కు తిరిగివచ్చాడు. అప్పుడే అంతర్యుద్ధం ముగిసింది, చమురు డబ్బు రావటం మొదలైంది, సైనిక ప్రభుత్వం గద్దె మీద ఉంది.

హైలైఫ్ అన్న పేరు పుట్టుకే మనకు కొంత పాఠం చెబుతుంది. వలస పాలన కాలంలో ఘనా తీరపు పట్టణాల్లో దొరలూ, దొరల పక్కన చేరిన నల్ల ఉద్యోగులూ క్లబ్బుల్లో జంటలుగా నాట్యం చేస్తుంటే, టిక్కెట్టు కొనలేని జనం బయట నిలబడి ఆ లోపలి బతుకును "పైబతుకు" అని వెటకారం చేశారట. ఆ వెటకారమే సంగీతానికి పేరై నిలిచింది. అంటే ఆ నాట్యశాలకు మొదటి విమర్శకులు తలుపు బయట నిలబడ్డవాళ్లు. ఆటపాటల రాత్రి ఏదైనా సరే, దాన్ని అంచనా కట్టటానికి మొదట చూడవలసింది వేదిక కాదు, తలుపు. ఎవరు లోపల, ఎవరు బయట, ఎంత రుసుము అన్నది ఆ రాత్రి స్వభావాన్ని సగం నిర్ణయిస్తుంది.

1970ల తొలి సంవత్సరాల్లో లాగోస్‌లోని ముషిన్ ప్రాంతంలో, తన ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఎంపైర్ హోటలు ఆవరణను ఫేలా తన స్థావరం చేసుకున్నాడు. దానికి "ఆఫ్రికా ష్రైన్" అని పేరు పెట్టాడు. మన మాటల్లో ఆఫ్రికా గుడి. ముషిన్ పేదలు కిక్కిరిసి బతికే పేట. ధనవంతులు ఉండే దీవులకు దూరంగా, బస్సుల రద్దీలో, మురికికాలువల మధ్య ఆ గుడి వెలిసింది. పేరుకు గుడి అయినా అక్కడ తలుచుకునే దేవతల్లో ఎన్‌క్రూమా ఉన్నాడు. తర్వాత ఇకేజాలో పెపుల్ వీధికి మారినప్పటికి దాని వారం రూపుదిద్దుకుంది. మంగళవారం స్త్రీలకు ప్రవేశం ఉచితం. శుక్రవారం "యాబిస్" రాత్రి. శనివారం పూర్తి ప్రదర్శన, పూజాదికాలతో సహా. అర్ధరాత్రి దాటాక మొదలైన పాట తెల్లవారేదాకా సాగేది.

యాబిస్ అంటే వెక్కిరింపు. పాటకూ పాటకూ మధ్య ఫేలా ఆ వారం పత్రికల్లో వచ్చిన వార్తలు తీసుకుని మంత్రులను, సైన్యాధికారులను, బిషప్పులను, వ్యాపారులను ఉతికి ఆరేసేవాడు. జనం ఊరికే వినేవాళ్లు కాదు. ఎదురు ప్రశ్న వేసేవాళ్లు, మాటకు మాట కలిపేవాళ్లు. పత్రికల నోరు నొక్కిన దేశంలో అది వారానికొకసారి నోటితో వెలువడే పత్రిక. ఏ భాషలో? ఇంగ్లీషులో కాదు, తన మాతృభాష యోరుబాలో మాత్రమే కాదు. రెండు వందలకు పైగా భాషలున్న ఆ దేశంలో రేవుల్లోనూ, బజారుల్లోనూ, బస్సుల్లోనూ వాడుకలో ఉన్న పిడ్జిన్‌లో. చదువుకున్నవాళ్లు దాన్ని విరిగిన ఇంగ్లీషు అని చిన్నచూపు చూసేవాళ్లు. గిడుగువారి పోరాటం తెలిసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. వాడుకభాషను సాహిత్యానికి తగదన్నవాళ్లందరూ ప్రజలను ప్రభుత్వానికి తగరన్నవాళ్ల చుట్టాలే.

ఇంతవరకు చెప్పింది వస్తువు. నేను సమావేశంలో పొరపాటు పడ్డది వస్తువు విషయంలో కాదు, రూపం విషయంలో. పాటలో రాజకీయం ఉంటే ఉండవచ్చు, కాని నాట్యం దాన్ని పలచన చేస్తుందని నా ఊహ. ఆడేవాడు మాట వినడు, వినేవాడు ఆడడు అనుకున్నాను. పాట నిర్మాణం గమనించిన తర్వాత ఆ అభిప్రాయం నిలవలేదు.

ఫేలా పాట చిన్నది కాదు. గ్రామఫోను రికార్డుకు ఒక్కొక్క పక్కన ఒక్కొక్క పాట, పదీ పదిహేను నిమిషాలు. వేదిక మీద ఇంకా ఎక్కువ. ఒక గిటారు చిన్న పలుకును పట్టుకుని వదలదు. రెండో గిటారు దానికి అడ్డంగా మరో పలుకు వేస్తుంది. వాటి కింద బేస్ గిటారు, పక్కన కాంగా డోళ్లు, సొరబుర్రకు పూసల వల అల్లిన షెకెరె, కర్రల టకటక. వీటన్నిటినీ ఒకతాటి మీద నడిపేవాడు టోనీ అలెన్. రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు వేరువేరు నడకలు నడుస్తుండగా ఎక్కడా బరువు తెలియనివ్వని వాయిద్యకారుడు. 2020లో కన్నుమూశాడు. తర్వాత బాకాలు వస్తాయి. కొన్ని పాటల్లో మొదటి మాట వినపడేసరికి ఆరేడు నిమిషాలు గడుస్తాయి. ఆ ఆరేడు నిమిషాలూ జనం ఏం చేస్తున్నారు? ఆడుతున్నారు. శరీరం ఆ తాళానికి లొంగి, ఆయాసం తీరి, ఊపిరి ఒక వరసకు వచ్చిన తర్వాత మాట వస్తుంది. మాట వచ్చేసరికి వినేవాడు ఒంటరివాడు కాడు. పక్కవాడి అడుగుతో అడుగు కలిపి ఉన్నాడు. ఉపన్యాసకుడు "సోదర సోదరీమణులారా" అని పిలిచినంత మాత్రాన రాని సోదరత్వం అక్కడ ముందే వచ్చి ఉంది. తర్వాత అతను ఒక మాట అంటాడు, వంతపాట బృందం అందుకుంటుంది, దానితో జనమూ అందుకుంటారు.

ఇది మనకు తెలియని శిల్పం కాదు. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడిన తర్వాత షేక్ నాజర్ వంటి మహాకళాకారుల చేతుల్లో ఆ మూడు గొంతుకలు ఎంతటి పని చేశాయో, ఆ పనికి భయపడి ప్రభుత్వాలు నిషేధాలు ఎలా పెట్టాయో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. అల్లూరి కథ వింటూ పల్లెల్లో జనం "తందాన" అన్నది మర్యాదకు కాదు. ఫేలా తనొక్కడే కథకుడూ, హాస్యగాడూ, రాజకీయమూ అయ్యాడు. వంత మాత్రం మొత్తం ఆవరణకు పంచాడు. బుర్రకథలో కథకుడు అడుగు వేస్తాడు, జనం కూర్చుంటారు. అక్కడ జనం కూడా అడుగు వేస్తారు. తేడా అంతే. ఆ తేడాను నేను క్లబ్బు డాన్సు అని కొట్టిపారేశాను.

"జాంబీ" పాట ఒక్కటి చాలు ఈ విషయం రుజువు చెయ్యటానికి. 1976 నాటిది. ఆజ్ఞ వస్తే తప్ప కదలని, ఆజ్ఞ వస్తే ఏమైనా చేసే సైనికుణ్ణి నడిచే శవంతో పోల్చాడు. కవాతు ఆజ్ఞలను వరసగా అరుస్తూ, ప్రతి ఆజ్ఞకూ వంతబృందం చేత ఆ శవం పేరు పలికించాడు. ఈ పాటను కాగితం మీద చదివితే ఒక వ్యంగ్యం, అంతే. దానికి ఆడినప్పుడు ఏం జరుగుతుంది? ఆడేవాడు ఎడమకూ కుడికీ తిరుగుతూ తానే సైనికుణ్ణి అభినయించవలసి వస్తుంది. యూనిఫారం తొడుక్కున్న భయాన్ని తన ఒంటి మీదకు తెచ్చుకుని నవ్వి దులిపేసుకోవలసి వస్తుంది. రోజూ రోడ్డు మీద కొరడా చూసి తప్పుకునేవాడికి ఇది చిన్న సంగతి కాదు. 1978లో ఘనా రాజధాని అక్రాలో ఈ పాట జరుగుతుండగా అల్లర్లు చెలరేగాయి. అక్కడి సైనిక ప్రభుత్వం ఫేలాను మళ్లీ దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. నాట్యం రాజకీయాన్ని పలచన చేస్తుందన్న నా సిద్ధాంతాన్ని ఆ ప్రభుత్వం నమ్మలేదన్నమాట.

అయితే నైజీరియా పాలకులు ఎక్కువ భయపడ్డది ఏ ఒక్క పాటకో అని నేననుకోను. ఒక పాటను రేడియోలో రాకుండా ఆపవచ్చు. వాళ్లకు గుచ్చుకున్నది ఆ రాత్రి మళ్లీ వచ్చేవారం ఉంటుందన్న సంగతి. ఇదే నేను ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మన పల్లెల్లో జాతర ఉంది, సంత ఉంది. జాతర ఏడాదికొకసారి. దానికి ప్రభ కడతారు, అప్పుచేసి కొత్తబట్టలు తెస్తారు, మర్నాటికి పందిరి విప్పేస్తారు. సంత వారం వారం. దానికి ఆర్భాటం లేదు. కాని మనిషి ఉప్పూ పప్పూ కొనేదీ, ధర నిలదీసేదీ, పోయినవారం మోసం చేసినవాణ్ణి ఈ వారం పట్టుకునేదీ సంతలోనే. ఫేలా కట్టింది సంత. రికార్డుగా విడుదలైన పాటను మళ్లీ వేదిక మీద పాడకూడదని అతనొక నియమం పెట్టుకున్నాడు. బయటివాళ్లకు అది మొండితనంగా కనిపించింది. విదేశాల్లో టిక్కెట్టు కొన్నవాళ్లు తెలిసిన పాట వినలేక చిన్నబుచ్చుకున్నారు. ష్రైన్‌కు వారం వారం వచ్చేవాడి దృష్టిలో దాని అర్థం వేరు. కొత్త పాట నెలల తరబడి వాళ్ల మధ్యే సాగి, వాళ్ల అడుగుల్లో నలిగి, వాళ్ల నవ్వుల్లో పదునెక్కి, ఆ తర్వాతే రికార్డుకు పోయేది. లోకానికి అందినదానికి మొదటి సంపాదకులు ఆ పేటజనం.

సంతకూ జాతరకూ పోటీ ఒకేచోట జరిగిన సందర్భం కూడా ఉంది. 1977 జనవరి 15 నుంచి ఫిబ్రవరి 12 దాకా లాగోస్‌లో నల్లవారి, ఆఫ్రికావారి కళల మహోత్సవం జరిగింది. ఫెస్టాక్ అన్నారు. యాభైకి పైగా దేశాల నుంచి వేలాది కళాకారులు వచ్చారు. కొత్త జాతీయ నాటకశాల నిర్మించారు. ఖర్చంతా చమురు డబ్బు. అంత పెద్ద ఎత్తున నల్లజాతుల కళ ఒకచోట చేరటం చరిత్రలో చిన్న విషయం కాదు. దాన్ని తీసిపారేసే విమర్శకుడు తొందరపడుతున్నాడంటాను. కాని ఆ మహోత్సవానికి అధిపతులు సైన్యాధికారులు. ఫేలా దాని నిర్వహణతో తెగతెంపులు చేసుకుని తన ఆవరణలోనే ఉండిపోయాడు. వచ్చిన విదేశీ కళాకారుల్లో కొందరు, బ్రెజిల్ గాయకుడు జిల్బెర్టో జిల్ వంటివాళ్లు, అధికార వేదిక దాటుకుని ముషిన్ పేటకు వచ్చారు. ఉత్సవం ముగిసింది. పందిరి విప్పారు. సరిగ్గా ఆరు రోజులకు, ఫిబ్రవరి 18న, సుమారు వెయ్యిమంది సైనికులు ఫేలా ఇంటిని చుట్టుముట్టారు. ఇంట్లోవాళ్లను చావగొట్టారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు, ఇల్లు తగలబెట్టారు. డెబ్బయ్యారేళ్ల తల్లిని మేడ మీది నుంచి పడేశారు. ఆ దెబ్బల నుంచి కోలుకోక ఆమె మరుసటి సంవత్సరం చనిపోయింది. విచారణలో తేలినదేమిటంటే, ఇదంతా చేసినవాడు ఎవరో తెలియని సైనికుడట. ఎంపైర్ హోటలు ఆవరణలో రాత్రులు ఆగిపోయాయి. అతిథులను సాగనంపాక ఆతిథేయి చేసిన పని ఇది.

ఆతిథేయి అన్న మాట ఇక్కడ ఊరికే వాడలేదు. ఈ విషయమంతా చివరకు ఆతిథ్యం దగ్గరకే వచ్చి ఆగుతుంది. నా ప్రశంస అయిపోయింది. ఇక నా అభ్యంతరాలు.

వెక్కిరింపు ఆ రాత్రికి ప్రాణం. అందరినీ వెక్కిరించవచ్చు, ఒక్క ఆతిథేయిని తప్ప. ఇంటికి "కలకుటా గణతంత్రం" అని పేరు పెట్టుకున్నవాడు ఆ ఇంట్లో రాజులా నడిచాడు. తప్పు చేసినవాళ్లకు శిక్షలు వేశాడు. బృందంలోని కళాకారుల జీతాలు చాలలేదన్న గొడవ ఎప్పుడూ ఉండేది. 1978లో బెర్లిన్ ప్రదర్శన తర్వాత వచ్చిన డబ్బు అతని ఎన్నికల ఖర్చుకు పోతుందన్న అనుమానం ముదిరి, చాలామంది వాయిద్యకారులు విడిచి వెళ్లిపోయారు. టోనీ అలెన్ కూడా ఆ కాలంలోనే వెళ్లాడు. ఆ చేతులూ కాళ్లూ లేకపోతే ఈ సంగీతమే లేదని ఫేలాయే ఒప్పుకున్న మనిషి అతను. దోపిడీ మీద పాటలు కట్టే బృందంలో శ్రమకు లెక్క లేకపోవటం వ్యక్తిగత లోపం మాత్రమే కాదు. ఆ సంస్థ నిర్మాణంలోనే ఉన్న లోపం.

ఇంతకంటే పెద్దది స్త్రీల సంగతి. ష్రైన్‌లో బోనుల్లాంటి ఎత్తైన గద్దెల మీద స్త్రీలు నాట్యం చేసేవారు. వంతపాట పాడినది స్త్రీలు. సైనికుల దాడిలో అందరికంటే ఎక్కువ బాధ పడ్డది స్త్రీలు. ఆ రాత్రులకు రూపం ఇచ్చిన శ్రమలో సగం వాళ్లది. వాళ్లకు మాట ఎక్కడుంది? వంతలో ఉంది, కథలో లేదు. 1972 నాటి "లేడీ" పాటలో, మగవాడితో సమానమంటూ కూర్చునే చదువుకున్న స్త్రీని ఎగతాళి చేసి, అగ్గి చుట్టూ ఆడే ఆఫ్రికా స్త్రీని మెచ్చుకున్నాడు. ఆ తాళం ఎంత గొప్పదైనా ఆ పాట అభ్యుదయ నిరోధకం. 1978లో తన బృందంలోని ఇరవయ్యేడుగురు స్త్రీలను ఒకేరోజు పెళ్లిచేసుకున్నాడు. వాళ్లను వేశ్యలనే లోకానికి జవాబుగా చేశాడనీ, వాళ్లకొక గౌరవం కల్పించాడనీ కొందరంటారు. ఆ స్త్రీలలో చాలామంది తమ ఇష్టంతోనే అక్కడికి వచ్చారన్నదీ నిజమే, ఇళ్లు ఎదిరించి వచ్చారు. కాని జవాబు చెప్పే హక్కు వాళ్ల చేతికివ్వకుండా తాళి రూపంలో తానే జవాబు చెప్పటం ఏ గణతంత్ర ధర్మం?

ఇందులో అన్యాయం ఎంత లోతైనదో తెలియాలంటే మళ్లీ తల్లి దగ్గరకు వెళ్లాలి. 1940ల్లో అబెయోకుటా స్త్రీలు రాజభవనం ముందు రాత్రింబగళ్లు కూర్చుని ఏం చేశారు? పాటలు కట్టి రాజును వెక్కిరించారు, ఆడారు. యాబిస్ అన్న పేరు అప్పుడు లేకపోవచ్చు. పని మాత్రం అదే. శుక్రవారం రాత్రి లాగోస్‌లో కొడుకు చేతిలో మెరిసిన ఆయుధం తల్లి తరం స్త్రీలు నూరిపెట్టింది. ఆ ఆయుధాన్ని అందుకున్నవాడు స్త్రీలను గద్దె మీద నిలబెట్టి నోటికి వంత మాత్రం ఇచ్చాడు. తల్లి ఉద్యమానికి అతను వారసుడు. తల్లి ఆలోచనకు మాత్రం పూర్తిగా వారసుడు కాలేకపోయాడు.

ఆతిథేయిని ప్రశ్నించలేని సంత చివరకు ప్రాణాంతకం కూడా అయింది. 1980ల్లో ఎయిడ్స్ వ్యాధి వ్యాపించినప్పుడు, కండోము తెల్లవాళ్ల పరాయి వస్తువని ఫేలా ఎగతాళి చేశాడు. సామ్రాజ్యవాదం మీద అతనికున్న సహజమైన అనుమానం ఇక్కడ విజ్ఞానం మీద అనుమానంగా దిగజారింది. వారం వారం అతని మాటను నమ్మి వచ్చిన జనానికి ఆ మాట కూడా చేరింది. 1997 ఆగస్టు 2న అతను చనిపోయాడు. ఆరోగ్యమంత్రిగా పనిచేసిన అతని అన్న ఒలికోయే, మరణకారణం ఎయిడ్స్ అని దాపరికం లేకుండా దేశానికి ప్రకటించాడు. లాగోస్‌లో అంతిమదర్శనానికి లక్షలమంది వచ్చారు. ఆ జనసముద్రాన్ని చూసి మురిసే విమర్శకులు అన్నగారి ఆ ఒక్క ప్రకటన విలువను కూడా తూచాలి. ఆ ఇంటినుంచి వచ్చిన చివరి యాబిస్ అదే అనుకుంటాను. అది ఆతిథేయి మీదనే.

ఆ తర్వాత జరిగింది కూడా పరిశీలించదగినది. పెద్దకూతురు యేని, కొడుకు ఫెమి కలిసి 2000 అక్టోబరులో ఇకేజాలో కొత్త ష్రైన్ తెరిచారు. ఫెమి బృందం వారం మధ్యలో చేసే సాధనను జనం ఉచితంగా చూడనిచ్చారు, ఆదివారం కచేరీ పెట్టారు. పెళ్లిళ్ల వైభవం లేదు, రాజసం లేదు. లెక్కలు చూసుకునే ఒక కుటుంబ సంస్థ. కొందరికి ఇది చప్పగా కనిపిస్తుంది. నాకు మాత్రం సంత ఒక మనిషి చేతిలోంచి ఒక ఏర్పాటు చేతిలోకి రావటంగా కనిపిస్తుంది. మనిషి పోయినా శుక్రవారం మిగిలిందంటే ఆ కట్టడంలో కొంత గట్టిదనం ఉన్నట్టే. ప్రమాదం మరోవైపు నుంచి ఉంది. యేని 1998లో మొదలుపెట్టిన ఫెలాబ్రేషన్ అనే వార్షికోత్సవం ఏటేటా పెరిగింది. 2018 జులైలో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఆ ఆవరణకు వచ్చి వెళ్లాడు. ఒకప్పుడు సైనికులు వచ్చిన చోటికి ఇప్పుడు దేశాధినేతలు రావటం విజయమే అనవచ్చు. కాని పాలకులు సంతను ఆపలేనప్పుడు దాన్ని జాతరగా మార్చటానికి చూస్తారు. తగలబెట్టటం కంటే దండవెయ్యటం సులువని వాళ్లు నేర్చుకున్నారు. మహాకవుల జయంతుల్లో మంత్రుల ఉపన్యాసాలు వినే మనకు ఈ విద్య కొత్తది కాదు.

ఇక మా కుర్రవాళ్ల ప్రతిపాదన సంగతి. నా ఓటు మార్చుకుంటున్నాను. కాని కొన్ని మాటలు చెప్పి మరీ మార్చుకుంటున్నాను.

ఒకటి, ఇది ఒకసారి జరిపి ఫోటోలు తీసుకునే పండగ కాకూడదు. వారం కుదరకపోతే నెల, నెలలో ఫలానా శనివారం అని ఒక రోజు నిలవాలి. పదిమందే వచ్చినా జరగాలి. మన సంఘాలు చచ్చిపోయింది శత్రువు చేతిలో కంటే ఎక్కువగా రెండు సభల మధ్య ఖాళీలో. రెండు, తలుపు దగ్గర రుసుము చదువుకునే పిల్లవాడి జేబుకు సరిపోవాలి. వాయించేవాళ్లకు, ఆడి చూపేవాళ్లకు, కుర్చీలు సర్దేవాళ్లకు ఆ డబ్బులోంచి వాటా ముట్టాలి, లెక్క గోడ మీద పెట్టాలి. మూడు, ఆ రాత్రికి ఆతిథేయులెవరు? ఈ ప్రశ్న మా సమావేశంలో ఎవరమూ వెయ్యలేదు. ఈ నగరంలో ఇల్లు అద్దెకు అడిగితే ఆఫ్రికా విద్యార్థికి ఎదురయ్యే చూపు మనందరికీ తెలుసు. పగలు ఇల్లివ్వని ఊరు రాత్రి అతని నాట్యం చూసి చప్పట్లు కొడితే అది ఆతిథ్యం కాదు, వినోదం. వాళ్లను పిలిచి ఆడించటం కాకుండా, హాలు తాళంచెవి వాళ్ల చేతికిచ్చి మనం అతిథులుగా వెళ్లాలి. ఏ పాట పెట్టాలో, ఎవరిని వెక్కిరించాలో వాళ్లు నిర్ణయించాలి. మనల్ని వెక్కిరిస్తే కూడా వినాలి. నాలుగు, ఆ తాళంచెవి ఏ ఒక్కరి దగ్గరా ఏడాది మించి ఉండకూడదు. ఆడపిల్లలకు వంత మాత్రమే కాకుండా కథ కూడా దక్కాలి. ఫేలా జీవితం నుంచి అతని అభిమానులు నేర్చుకోవలసింది పాటలే కాదు, ఇది కూడా.

కాళ్లు కదిలినంత మాత్రాన చైతన్యం కదలదని నేనన్న మాటను పూర్తిగా వెనక్కు తీసుకోను. కాళ్లు కదలకుండా, ఏడాదికొకసారి కుర్చీల్లో కూర్చుని ఉపన్యాసాలు విన్నంత మాత్రాన కూడా అది కదలలేదని మాత్రం ఒప్పుకుంటున్నాను. వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదన మళ్లీ వస్తే నేనే బలపరుస్తాను. మొదటి రాత్రి యాబిస్‌కు వస్తువు కావలసివస్తే, పాట వినకుండా తీర్పు చెప్పిన మాస్టారు ఒకడు సిద్ధంగా ఉన్నాడు.